నెట్‌వర్క్ ట్రాఫిక్ నిఘాకు ఏ సాఫ్ట్‌వేర్? సిక్కోలు, విజయనగరం వ్యాపార సంస్థలకు ఒక పోలిక

పలాసలో జీడిపప్పు వ్యాపారమైనా, రాజాంలో జూట్ మిల్లయినా, పైడిభీమవరంలో మందుల కంపెనీలకు సరుకు అందించే చిన్న కర్మాగారమైనా, ఇప్పుడు నెట్ లేకపోతే ఒక్క పూట కూడా పని సాగదు. టాలీ సర్వర్, ఈ-వే బిల్లులు తీసే కంప్యూటర్, కాటా దగ్గరి కంప్యూటర్, సీసీ కెమెరాల డీవీఆర్, ఆఫీసు వై-ఫై అన్నీ ఒకే స్విచ్‌కు తగిలించి ఉంటాయి. వాటి మధ్య ఏం నడుస్తోందో, బయటికి ఏం పోతోందో చూసుకోవాలని యజమానికి అనిపించిన రోజున డీలరు రెండు మూడు కొటేషన్లు తెచ్చి బల్ల మీద పెడతాడు. వాటిలో సౌకర్యాల పట్టికలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ధరలు మాత్రం ఉచితం మొదలుకొని లక్షల దాకా ఉంటాయి. ఆ పట్టికల్లో టిక్కులు లెక్కపెట్టి కొనడం వల్ల సరైన ఎంపిక జరగదని నా అభిప్రాయం. మీ దగ్గరున్న రౌటర్, స్విచ్ ఏ సమాచారం ఇవ్వగలవు, వచ్చిన సమాచారాన్ని రోజూ కూర్చుని చదివేది ఎవరు అనే రెండు సంగతులు ముందుగా తేలితే, ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నది చాలావరకు వాటి వెనకాలే తేలిపోతుంది.

చూసేది ఏమిటి

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ మూడు రకాల సమాచారం మీద ఆధారపడి పనిచేస్తాయి. మొదటిది ఎస్ఎన్ఎంపీ: ప్రతి నిమిషానికో, ఐదు నిమిషాలకో స్విచ్‌ను అడిగి ఒక్కో పోర్టు గుండా ఎన్ని బైట్లు వెళ్ళాయో, ఎన్ని వచ్చాయో తెలుసుకోవడం. రెండవది ఫ్లో: ఏ యంత్రం, ఏ చిరునామాతో, ఏ పోర్టు మీద (ఇక్కడ పోర్టు అంటే స్విచ్ రంధ్రం కాదు, ఏ సేవో చెప్పే సంఖ్య), ఎప్పుడు, ఎంతసేపు, ఎన్ని బైట్లు మాట్లాడిందో రౌటరే రాసి పంపే వివరం. సిస్కో 1996లో తెచ్చిన నెట్‌ఫ్లో, దాని నుంచి పుట్టి 2013లో ఆర్ఎఫ్‌సీ 7011 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా స్థిరపడిన ఐపీఫిక్స్ ఈ కోవలోవి. మూడవది ప్యాకెట్, అంటే తీగ మీద వెళ్ళిన ప్రతి ముక్కనూ యథాతథంగా పట్టుకోవడం. ఇచ్ఛాపురం చెక్‌పోస్టుతో పోల్చి చెప్పాలంటే, మొదటిది ఎన్ని లారీలు దాటాయో లెక్కపెడుతుంది, రెండవది ప్రతి లారీ ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత బరువుతో వెళ్ళిందో పుస్తకంలో రాసుకుంటుంది, మూడవది తార్పాలిన్ విప్పి లోపలి సరుకు చూస్తుంది.

మూడవదే అన్నిటికన్నా గొప్పదని వెంటనే తోస్తుంది గాని, లెక్క వేస్తే సంగతి మరోలా ఉంటుంది. 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా నిండి నడిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు, రోజుకు సుమారు 1.08 టెరాబైట్లు అవుతుంది. లైను సగటున 20 ఎంబీపీఎస్ మాత్రమే నడిచినా రోజుకు 216 గిగాబైట్లు దాచాలి. వారం తిరగకుండానే ఒక టెరాబైట్ డిస్క్ నిండిపోతుంది. అదే ట్రాఫిక్‌కు ఫ్లో వివరాలు సాధారణంగా వందో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి, రోజుకు రెండు గిగాబైట్ల చొప్పున ఆరు నెలల రికార్డు కూడా నాలుగు వందల గిగాబైట్లలోపే ఇమిడిపోతుంది. పైగా, ఇవాళ వెబ్ ట్రాఫిక్‌లో అత్యధిక భాగం టీఎల్ఎస్ అనే గుప్తీకరణ తాళంతో మూసి ఉంటుంది. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో సర్వర్ సర్టిఫికెట్ కూడా పైకి కనిపించదు. ఇంత డిస్క్ ఖర్చు పెట్టి పట్టుకున్న ప్యాకెట్లలో చివరికి చదవగలిగేది ఎవరితో మాట్లాడారు, ఎప్పుడు, ఎంత అన్నంతవరకే అయితే, ఆ మాత్రం ఫ్లో కూడా చెబుతుంది. మధ్యలో తాళం తీసి చూసి మళ్ళీ వేసే పద్ధతి కొన్ని ఫైర్‌వాల్‌లలో ఉంది. బ్యాంకు సైట్లు, డిజిటల్ సంతకాలతో నడిచే పోర్టళ్ళు అక్కడ తరచుగా మొరాయిస్తాయి కనుక చిన్న సంస్థలకు నేను దాన్ని సిఫారసు చేయను.

ఫ్లో వివరం భద్రతకు ఎలా పనికొస్తుందో ఒక వరుసను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సీసీ కెమెరాల డీవీఆర్ చిరునామా 192.168.1.45 అనుకుందాం. రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఆ చిరునామా నుంచి దేశం బయటి చిరునామాకు, 443 పోర్టు మీద, నలభై నిమిషాల పాటు 3.8 గిగాబైట్లు పైకి వెళ్ళాయని ఒక వరుస కనిపించిందంటే, అందులో ఏముందో తెలియకపోయినా అడగాల్సిన ప్రశ్న మాత్రం తెలిసిపోతుంది: డీవీఆర్‌కు ఆ వేళప్పుడు బయటితో అంత పని ఏమిటి? అలాగే ఒక కంప్యూటర్ సరిగ్గా అరవై సెకన్లకొకసారి, రాత్రీ పగలూ, ఒకే చిరునామాకు మూడు నాలుగు వందల బైట్లు పంపుతూ ఉంటే, లోపల చేరిన మాల్‌వేర్ తన యజమానికి హాజరు పలుకుతోందని అనుమానించాలి. ఈ రెండూ ఎస్ఎన్ఎంపీ గీతల్లో పట్టుబడవు. మొదటిది రాత్రి బ్యాకప్ కాబోలు అనుకుంటాం, రెండవది గీత మీద చుక్కగా కూడా తేలదు.

మన ప్రాంతంలో మరీ ముఖ్యమైన ఉదాహరణ మరొకటి ఉంది. విశాఖలోని ఆడిటరు ఇంటి నుంచే టాలీ చూసుకోవాలని కోరితే, రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టేయడం చాలా చోట్ల మామూలైపోయింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి దూరే పేరుమోసిన దారుల్లో అదొకటి. ఫ్లో చూసే సాఫ్ట్‌వేర్ ఏది పెట్టినా, మొదటి రోజు సాయంత్రానికే ఊరూ పేరూ తెలియని చిరునామాల నుంచి ఆ పోర్టు మీదికి వచ్చే చిన్న చిన్న ప్రయత్నాలు వందల వరుసలుగా తెర మీద పరుచుకుంటాయి. ఆ తెర చూపిస్తే చాలు, ఆడిటరుకు వీపీఎన్ (బయటివారికి కనిపించని రహస్య దారి) పెట్టించే ఖర్చుకు యజమాని మారు మాట్లాడడు.

ముందు పెట్టెను చూడండి

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారు గోడకు బిగించి వెళ్ళిన పెట్టె ఫ్లో పంపదు. వెయ్యి రెండు వేల రూపాయల మామూలు స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్, అంటే ఒక పోర్టు ట్రాఫిక్ నకలును మరో పోర్టుకు పంపే సౌకర్యం, ఉండదు. ఈ రెండే ఉన్న చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా అది నడిచే కంప్యూటర్ ట్రాఫిక్ తప్ప మరేమీ కనిపించదు. కాబట్టి మొదటి ఖర్చు ఫ్లో పంపగల రౌటర్ మీదనో, మిర్రరింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ మీదనో పెట్టాలి. మైక్రోటిక్ రౌటర్లలో ట్రాఫిక్ ఫ్లో అనే పేరుతో నెట్‌ఫ్లో 5, 9, ఐపీఫిక్స్ మూడూ పంపే వీలుంది. చిన్న ఆఫీసుకు ఆ తరగతి పెట్టె సరిపోతుంది.

పరికరం ఎస్‌ఫ్లో మాత్రమే ఇస్తుందంటే కాస్త ఆగి ఆలోచించండి. అది ప్రతి ప్యాకెట్‌నూ లెక్కించదు. వేయింటికి ఒకటో, రెండు వేలకు ఒకటో ఏరి పంపుతుంది. లైను ఎవరు నింపుతున్నారో తెలుసుకోవడానికి అది చక్కగా చాలుతుంది గాని, పైన చెప్పిన మూడు వందల బైట్ల హాజరు దాని కంటికి చిక్కకుండా పోయే అవకాశమే ఎక్కువ. చూసే చోటు కూడా ముఖ్యమే. రౌటర్ బయటి వైపు నుంచి చూస్తే ఆఫీసంతా ఒకే చిరునామాగా కనిపిస్తుంది కనుక, తప్పు ఏ కంప్యూటర్‌దో తేలాలంటే లోపలి వైపు నుంచే చూడాలి.

సాఫ్ట్‌వేర్ల సంగతి

జాబిక్స్, లిబ్రెఎన్ఎంఎస్ ఉచితం, గట్టివి, ఏళ్ళ తరబడి నడుస్తాయి. ఏ లింకు పడిపోయింది, ఏ స్విచ్ వేడెక్కింది, ఏ సర్వర్ డిస్క్ నిండింది అన్నది చెప్పడంలో వీటికి వంక పెట్టడానికి లేదు. భద్రత కోసం మాత్రం ఇవి ఒక్కటే పెట్టుకుంటే చాలదు, ఎందుకంటే వీటి ప్రధాన ఆధారం ఎస్ఎన్ఎంపీయే.

జర్మనీకి చెందిన పేస్లర్ సంస్థ పీఆర్‌టీజీ విండోస్ మీద నడుస్తుంది, పెట్టుకోవడం తేలిక, ఫ్లో కూడా తీసుకుంటుంది. 100 సెన్సర్ల దాకా ఉచితం. అయితే సెన్సర్ అంటే పరికరం కాదు, పరికరంలో మనం చూడదలచిన ఒక్కో అంశం. ఒక పరికరానికి సుమారు పది సెన్సర్లు పడతాయని ఆ సంస్థే చెబుతుంది కాబట్టి, ఉచితమన్నది పది పరికరాల దగ్గర ముగుస్తుంది. కొటేషన్‌లో సెన్సర్ల సంఖ్యను చూసి పరికరాల సంఖ్యగా భ్రమపడవద్దు.

మేనేజ్‌ఇంజిన్ నెట్‌ఫ్లో అనలైజర్ మన పక్క రాష్ట్రపు జోహో సంస్థది. దీని ధర లెక్క ఇంటర్‌ఫేస్‌ల మీద, అంటే రౌటర్‌కు తగిలే లైన్ల సంఖ్య మీద నడుస్తుంది. కాబట్టి ఒకే రౌటర్, రెండు మూడు లైన్లు ఉన్న సంస్థకు ఇది పీఆర్‌టీజీ కన్నా చవకగా పడవచ్చు. ఇరవై శాఖలున్న ఫైనాన్స్ కంపెనీకి ఆ లెక్క తారుమారవుతుంది. మన పనివేళల్లో ఫోన్ ఎత్తే సాంకేతిక సహాయం ఉండటం చిన్న లాభం కాదు. రిపోర్టులు యజమానికి అర్థమయ్యేలా ఉంటాయి. డబ్బు పెట్టి కొనదలచుకున్న మధ్యతరహా సంస్థకు నేను మొదట చూడమనేది దీన్నే.

ఎన్‌టాప్‌ఎన్‌జీ కమ్యూనిటీ సంచిక ఉచితం. ఎన్‌డీపీఐ అనే తన లైబ్రరీతో ఏది యూట్యూబో, ఏది వాట్సాపో, ఏది టోరెంటో గుర్తుపట్టి చూపుతుంది. స్విచ్ నుంచి మిర్రర్ పోర్టు ఇవ్వగలిగితే ఉచితంగా ఇంత స్పష్టమైన చిత్రం మరొకటి ఇవ్వడం కష్టం. కాని రౌటర్ పంపే నెట్‌ఫ్లోను దీనికి అందించాలంటే ఎన్‌ప్రోబ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి డబ్బు కట్టాలి. పాత రికార్డులు నెలల తరబడి వెనక్కి తిరిగి వెతకాలన్నా డబ్బు కట్టే సంచికకే వెళ్ళాలి. కనుక ఎన్‌టాప్‌ఎన్‌జీ ఉచితమా కాదా అన్నది మీ స్విచ్‌ను బట్టి ఉంటుంది.

సూరికాటా, స్నార్ట్ వేరే జాతివి. ఇవి ట్రాఫిక్‌ను తెలిసిన దాడుల గుర్తులతో సరిపోల్చి హెచ్చరిస్తాయి. స్నార్ట్ 1998 నాటిది, 2013లో సోర్స్‌ఫైర్‌తో పాటు సిస్కో చేతికి వచ్చింది; ఉచితంగా నమోదు చేసుకున్నవారికి కొత్త నియమాలు (దాడులను గుర్తుపట్టే సూత్రాలు) చందాదారుల కన్నా 30 రోజులు ఆలస్యంగా అందుతాయి. సూరికాటాకు ఈటీ ఓపెన్ నియమాల మూట రోజూ ఉచితంగా అందుతుంది కనుక, చందా కట్టని సంస్థ అయితే సూరికాటా వైపే మొగ్గాలి. దాన్ని పెట్టిన మొదటి వారంలో వచ్చే హెచ్చరికల్లో అధిక భాగం పనికిరానివే. వాటిని ఓపికగా ఒక్కొక్కటీ మూసుకుంటూ పోయే మనిషి లేకపోతే మూడో వారానికి ఆ తెర వంక చూసేవారు ఉండరు, అసలు హెచ్చరిక కూడా ఆ గుంపులోనే కలిసిపోతుంది. జీక్ హెచ్చరికల కన్నా రికార్డు రాయడంలో దిట్ట. ప్రతి కనెక్షన్‌కూ, ప్రతి డీఎన్ఎస్ ప్రశ్నకూ (సైటు పేరుకు చిరునామా అడగడం) చక్కటి లాగ్ రాస్తుంది. సూరికాటా, జీక్ రెండిటినీ కలిపి ఇచ్చే సెక్యూరిటీ ఆనియన్‌ను పాత కంప్యూటర్ మీద నడపాలని చూడకండి, ర్యామ్ ఆకలి దానికి చాలా ఎక్కువ. ప్యాకెట్లను పట్టి విప్పి చూపే వైర్‌షార్క్ ప్రతివారి దగ్గరా ఉండాల్సిందే, అయితే అది తేడా వచ్చిన రోజున పట్టి చూసే సాధనం, కాపలా కాసేది కాదు.

కృత్రిమ మేధతో అన్నీ తానే కనిపెడతానని చెప్పే ఎన్‌డీఆర్ (నెట్‌వర్క్‌లో దాడిని కనిపెట్టి స్పందించే) ఉత్పత్తుల జోలికి వంద కంప్యూటర్ల లోపు సంస్థ పోనక్కరలేదు.

ఇప్పటికే సోఫోస్, ఫోర్టిగేట్ లాంటి ఫైర్‌వాల్ ఉన్నవారు కొత్తది కొనే ముందు దానిలోని రిపోర్టులను ఒకసారి తెరిచి చూడాలి. అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్‌ను 2014లో సోఫోస్ కొనడంతో, ఆ పాత పెట్టెల స్థానంలో సోఫోస్ వచ్చిన సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. వీటిలో ఎవరెవరు ఏం చూస్తున్నారో, ఏ దాడి ఆగిందో చెప్పే రిపోర్టులు ఉంటాయి. అయితే రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. చందా గడువు తీరాక దాడుల గుర్తులు కొత్తవి రావు. పెట్టె నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ సంగతి ఎవరూ గమనించరు. ఇక చిన్న నమూనాల్లో లాగ్‌లు దాచే డిస్క్ ఉండకపోవచ్చు. అప్పుడు వాటిని ఆఫీసులోని మరో కంప్యూటర్‌కు సిస్‌లాగ్ (లాగ్‌లను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) ద్వారా పంపించాలి.

ఆరు నెలల లాగ్, ఆరు గంటల గడువు

లాగ్‌ల సంగతి మన ఇష్టానికి వదిలేసినది కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి, సైబర్ ఘటన జరిగినట్టు గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో సరిచూసుకుంటూ ఉండాలి. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా, ఉచిత సంచికైనా సరే, వివరాలను ఎన్ని రోజులు యథాతథంగా ఉంచుతుందని అడగండి. కొన్ని కొద్ది రోజులు మాత్రమే పూర్తి వివరం ఉంచి, తర్వాత గంటకొకటిగా, రోజుకొకటిగా కుదించేస్తాయి. కుదించిన రికార్డులో రాత్రి 2 గంటల 10 నిమిషాల వరుస దొరకదు. గడియారాల మాట కూడా తేలిగ్గా తీసుకోవద్దు. డీవీఆర్ సమయం పదిహేను నిమిషాలు తేడాగా ఉంటే, దాని లాగ్‌ను రౌటర్ లాగ్‌తో జత చేయడం నరకం. సిబ్బంది ట్రాఫిక్ చూస్తున్నప్పుడు ఆ సంగతి వారికి రాతపూర్వకంగా తెలియజేయడం మర్యాద మాత్రమే కాదు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక జాగ్రత్త కూడా.

క్లౌడ్‌లో పెట్టాలా, ఆఫీసులోనే పెట్టాలా అన్న ప్రశ్నకు మన రెండు జిల్లాల్లో నా సమాధానం ఆఫీసులోనే అని. ఫ్లో వివరాలు సాధారణంగా యూడీపీ మీద వెళతాయి. దారిలో పోయినవి మళ్ళీ పంపే ఏర్పాటు అందులో లేదు. ఒకే ఫైబర్ లైను మీద ఆధారపడిన సంస్థ ఫ్లోను క్లౌడ్‌కు పంపితే, లైను తెగిన గంటల్లో ఆఫీసు లోపల జరిగినదానికి సాక్ష్యం మిగలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటూ ఫోన్లూ ఎన్నాళ్ళు లేవో పలాస వ్యాపారులకు ఒకరు చెప్పనక్కరలేదు. యూపీఎస్ మీద నడిచే చిన్న కంప్యూటర్‌లో సేకరించి, వారానికోసారి నకలు బయటి డిస్క్‌లోకి తీయడం మేలు.

నిఘా సాఫ్ట్‌వేరే దొంగకు దారి కావచ్చు. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతంలో ఆ సంస్థ నెట్‌వర్క్ నిఘా సాఫ్ట్‌వేర్ ఓరియన్ అప్‌డేట్‌లోనే మాల్‌వేర్ చేరి, సుమారు 18,000 సంస్థలకు వెళ్ళింది. అందుకని ఆ ఉత్పత్తిని ఇప్పుడు వెలివేయాలని నేను అనను. ఏది పెట్టినా దానికి చదివే అధికారం మాత్రమే ఇవ్వాలి, ఎస్ఎన్ఎంపీ మూడవ వెర్షన్ వాడాలి, పబ్లిక్ అనే పాత పాస్‌వర్డ్ ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయాలి, ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తెరవగలిగేలా ఉంచకూడదు.

ఎవరికి ఏది

ముప్పై నలభై కంప్యూటర్లు, పూర్తికాలపు ఐటీ మనిషి లేని సంస్థకు నా సలహా ఓపీఎన్‌సెన్స్. అది 2015లో పీఎఫ్‌సెన్స్ నుంచి విడిపోయి వచ్చిన ఉచిత ఫైర్‌వాల్. నెట్‌ఫ్లో సేకరించి చూపే భాగం, సూరికాటా రెండూ అందులోనే ఉన్నాయి. 8 జీబీ ర్యామ్, రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉన్న చిన్న కంప్యూటర్ చాలు. మొదటి నెల సూరికాటాను ఆపి ఉంచి, ఫ్లో మాత్రమే చూడటం అలవాటు చేసుకోవాలి. ఆఫీసు ఇంటర్నెట్ అంతా ఆ ఒక్క పెట్టె గుండానే వెళుతుంది కాబట్టి, పాత రౌటర్‌ను సెట్టింగులతో సహా బీరువాలో సిద్ధంగా ఉంచుకోవాలి.

వంద కంప్యూటర్లు, రెండు మూడు శాఖలు, జీతానికి ఒక నెట్‌వర్క్ ఇంజినీరు ఉన్న మిల్లుకో, ఆసుపత్రికో నెట్‌ఫ్లో అనలైజర్ కొని, ప్రధాన కార్యాలయంలో మిర్రర్ పోర్టు మీద సూరికాటా పెట్టడం నప్పుతుంది. లినక్స్ మీద చేయి తిరిగిన మనిషి ఉంటే కొనుగోలు మానేసి ఎన్‌ఎఫ్‌డంప్ (ఫ్లో వివరాలు సేకరించి దాచే ఉచిత సాధనం), జీక్‌లతో అదే పని చేసుకోవచ్చు; అయితే ఆ మనిషి హైదరాబాద్ వెళ్ళిపోయిన రోజున వాటిని నడిపేవారు ఎవరన్నది ముందే ఆలోచించుకోవాలి.

ముడి జీడిగింజలు దిగుమతి చేసుకునే వ్యాపారికి మరో మాట. మీకున్న అతి పెద్ద ప్రమాదం అవతలి వ్యాపారి పేరుతో వచ్చే ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అనే ఈమెయిల్. మెయిల్‌బాక్స్ దొంగతనం మెయిల్ సంస్థ సర్వర్ మీద జరుగుతుంది, ఆఫీసు తీగ మీద దాని జాడ దాదాపు ఉండదు. ఏ ట్రాఫిక్ సాఫ్ట్‌వేర్ కొనక ముందే మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఖాతా మార్పును పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకునే నియమం పెట్టుకోండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

కొనే ముందు పరీక్ష

డీలరు చూపే డెమో అతని దగ్గరున్న ట్రాఫిక్‌తో నడుస్తుంది. మీ ఆఫీసులో రెండు వారాలు పెట్టి చూడకుండా చెక్కు రాయవద్దు. ఆ రెండు వారాల్లో ఒక రాత్రి ఒక కంప్యూటర్ నుంచి నాలుగైదు గిగాబైట్ల ఫైలు క్లౌడ్ డ్రైవ్‌కు ఎక్కించి, మర్నాడు ఉదయం ఎవరికీ చెప్పకుండా ఆ వరుసను మీ సిబ్బంది ఎంతసేపట్లో పట్టుకుంటారో చూడండి. సూరికాటా అయితే దాని పత్రాల్లోనే పరీక్ష కోసం సూచించిన 2100498 సంఖ్య గల నియమం మోగుతోందో లేదో చూడండి. పది రోజుల కిందటి ఒక గంటను ఎంచుకుని, ఆ గంటలో కాటా కంప్యూటర్ ఎవరితో మాట్లాడిందో వెతికి చూపమని అడగండి.

చివరగా ఒక మధ్యాహ్నం సేకరించే కంప్యూటర్ యూపీఎస్ మెయిన్ ఆపేసి, బ్యాటరీ పూర్తిగా దిగిపోనిచ్చి, మళ్ళీ కరెంటు ఇవ్వండి. కరెంటు రాగానే యంత్రం తనంతట తానే లేచేలా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మూల సెట్టింగుల్లో) ఒక సెట్టింగు ఉంటుంది. చాలా కంప్యూటర్లలో అది ఆపి ఉంటుంది. అది పెట్టి ఉందో లేదో, యంత్రం లేచాక ఎవరూ బటన్ నొక్కకుండా సాఫ్ట్‌వేర్ కూడా మొదలై వరుసలు రాస్తోందో లేదో, పాత వరుసలు చెడకుండా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడండి.